ఒకటిన్నర రోజు

కొండ లోపల మాకో గది ఉండేది.
ఉత్తర వేల్సులో, పలకరాయి గనిలో,
మూడో అంతస్తు దిగాక ఎడమచేతి పక్క.
నాలుగు బల్లలు, ఒక పొయ్యి,
అడుగంతా మసిబారిన టీ కెటిలు.
మధ్యాహ్నం అరగంట విరామం.
ఆ అరగంటకే ఓ అధ్యక్షుడు, ఓ చర్చాంశం,
బూతు మాటకి అరపెన్నీ జరిమానా.

నేను టీ కాచే కుర్రాణ్ణి. పన్నెండేళ్లు.
అక్షరాలు గుండ్రంగా వస్తాయని
మినిట్స్ పుస్తకం నా చేత రాయించేవారు.

ఆ ఫిబ్రవరిలో బైబిలు వంతు వచ్చింది.
చేప కడుపులో మూడు రోజులున్న ప్రవక్త:
జరిగిందా, అల్లిందా?

ఇథెల్ ప్రిచర్డ్ లేచాడు. చాపెల్ పెద్ద.
"కప్పు కింద ఒక్క స్తంభం లాగేసి చూడండి.
చేప అబద్ధమైతే ఖాళీ సమాధీ అబద్ధం.
అదీ అబద్ధమైతే
పోయిన శీతాకాలం నేను పూడ్చిపెట్టిన మా చిన్నదాని సంగతేంటి?"

కాసేపు ఎవరూ కప్పు ఎత్తలేదు.

మైరిగ్ పారీ కూర్చునే మాట్లాడాడు.
రాయిని పొరలు పొరలుగా చీల్చడంలో అతన్ని మించినవాడు లేడు.
"నేను కాదన్నది చేపని, ఇథెల్. నీ కూతుర్ని కాదు.
ఎవడో దేవుడి మీద అలిగి పారిపోయాడు. ఆ అలక నిజం.
ఎంత దూరం పోయాడో చెప్పడానికి
ఎవరికో ఒక చేప కావలసొచ్చింది.
లివర్‌పూల్‌లో తిమింగలం గొంతు చూశాను నేను,
నా టోపీ కూడా పట్టదు."

"దేవుడు పట్టించాలనుకుంటే?"
"అలాగైతే మనం కొలవడం ఎందుకు? కుర్రాడా, రాయి ఆ మాట."

ఈల మోగింది.
రాశాను: *తేలలేదు. రేపు కొనసాగును.*

కొనసాగలేదు.
గురువారం పొద్దున్న ఏడింటికి పదకొండో గది కప్పు కూలింది.
మైరిగ్ లోపల ఉన్నాడు.
అందరికంటే ముందు గునపం పట్టినవాడు ఇథెల్,
అందరికంటే చివర వదిలినవాడూ అతనే.
శుక్రవారం రాత్రి ఏడింటికి తీశారు.
కాలు విరిగింది. టీ అడిగాడు.
గడియారం చూసి నేనే రాశాను: ఒకటిన్నర రోజు.

ఆదివారం చాపెల్లో అది రెండు రోజులైంది.
ఈస్టర్ నాటికి మూడు.
పక్క ఊరి సంతకి చేరేసరికి
మైరిగ్ కీర్తన పాడుతూ బయటికొచ్చాడు.
నిజానికి ఆ చీకట్లో అతను
పదమూడో ఎక్కం చదువుకున్నాడట,
పదమూడు ఏడుల దగ్గర తప్పిపోయి మళ్లీ మొదటికొచ్చి, మళ్లీ మళ్లీ.

"ఒకటిన్నర," అని దిద్దేవాడు కనబడ్డ ప్రతివాణ్ణీ.
"కీర్తన కాదయ్యా, ఎక్కం."
ఎంత వినయమో అనుకుని వెళ్లిపోయేవారు.

ఒకనాడు ఇథెల్ భార్య మార్గెడ్ వచ్చింది.
కూతురు పోయాక ఆమె గడప దాటడం ఎవరూ చూడలేదు.
రొట్టె ఇవ్వడానికి వెళ్లిన నేను పొయ్యి పక్కన ఉన్నాను.
కూర్చోమన్నా కూర్చోలేదు.
"మూడు రోజులటగా. నిజమేనా?"

మైరిగ్ నా వైపు చూశాడు.
కార్యదర్శిని కదా, నేను చేతిలో రొట్టె వైపు చూసుకున్నాను.

"లోపల లెక్క తెలియదమ్మా," అన్నాడు.
"మూడులాగే ఉండింది."

ఆ తర్వాత ఎవర్నీ దిద్దలేదు.

పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది.
ఒకటిన్నర అని రాసిన సిరా వెలవలేదు, నేనూ కొట్టేయలేదు.
దాని కింద పేజీ తెల్లగానే ఉంది.

నిన్న మనవరాలు దాన్ని తిరగేసి అడిగింది:
"చివరికి ఎవరు గెలిచారు, తాతా?"

పదమూడో ఎక్కం అప్పజెప్పమన్నాను.
గబగబా మొదలెట్టి
ఏడుల దగ్గర తడబడింది.

దీపం ఆర్పి,
మళ్లీ మొదట్నుంచి చెప్పమన్నాను.